నవలకెక్కని దివాను

1758 డిసెంబరు 9. ఇప్పటి గొల్లప్రోలు మండలంలో ఉన్న చందుర్తి పొలాల్లో రెండు సైన్యాలు ఎదురుబొదురుగా నిలిచాయి. ఒక వైపు కాన్‌ఫ్లాన్స్ నడిపిస్తున్న ఫ్రెంచివాళ్లు. ఇంకో వైపు కలకత్తా నుంచి ఓడల్లో విశాఖపట్నం వచ్చి దిగిన కర్నల్ ఫోర్డ్, అతణ్ని రప్పించుకున్న విజయనగరం రాజు పూసపాటి ఆనంద గజపతి. ఫోర్డ్ తన సిపాయిల జెండాలు చుట్టేయించి, ఇంగ్లీషు పటాలాన్ని ఏపుగా పెరిగిన పంట చేను వెనక నిలబెట్టాడు. ఎర్ర కోట్లు తొడుక్కున్న దేశీ సిపాయిలు మాత్రమే బయటికి కనిపించారు. ఫ్రెంచివాళ్లు వాళ్లనే ఇంగ్లీషువాళ్లనుకుని అటు దూకారు. ఆ ఊపులో వాళ్ల వరస చెదిరిపోయాక చేను వెనక నుంచి అసలు పటాలం లేచింది. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమండ్రి వైపు పారిపోయాడు. వెంటనే రాజమండ్రి కోట కూడా ఫ్రెంచివాళ్ల చేజారింది.

పెద్దాపురం వాళ్లకి ఇది పొరుగూరి యుద్ధం. వత్సవాయ వారి పెద్దాపురానికీ పిఠాపురానికీ నడుమ ఉన్న నేల మీద, మన తాతల తాతలు కలుపు తీసిన చేలల్లో, రెండు విదేశీ కంపెనీలు బలాబలాలు తేల్చుకున్నాయి. ప్లాసీ గురించి బడిలో చదువుకున్నాం. ఏడాదిన్నర తేడాలో మన గుమ్మం ముందు జరిగిన చందుర్తిని మాత్రం పాఠం చివర ఒక వాక్యంగా దాటేశాం. దక్షిణాన ఫ్రెంచివాళ్ల ఆశలు కూలడం మొదలైంది ఇక్కడే. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోవడానికి దారి తెరుచుకున్నదీ ఇక్కడి నుంచే.

ఈ పోరు తర్వాత మన సంస్థానాల్లో ఒక కొలువు స్వరూపమే మారిపోయింది. అది మంత్రి కొలువు. అప్పటిదాకా మంత్రిని నిలబెట్టేదీ పడగొట్టేదీ రాజు. ఆ తర్వాత ఇరవయ్యేళ్లకల్లా రాజు వద్దన్న మనిషిని కూడా దివానుగా కూర్చోబెట్టగల అధికారం మద్రాసు కోటకు వచ్చింది. ఆ మార్పును తన ఒంటి మీద మోసిన మనిషి పూసపాటి సీతారామరాజు. ఆయన ఎదిగిన తీరు, పడిన తీరు తెలుగులో ఒక గొప్ప చారిత్రక నవలకు సరిపోతాయి. అలాంటి నవల నాకు ఇంతవరకు కనిపించలేదు.

మనం రాసుకున్న మంత్రులు

తెలుగువాడికి మంత్రి అనగానే తిమ్మరుసు కళ్ల ముందుకొస్తాడు. 1962లో కమలాకర కామేశ్వరరావు తీసిన 'మహామంత్రి తిమ్మరుసు'లో గుమ్మడి ఆ పాత్రలో ఎంతగా ఒదిగిపోయాడంటే, అప్పాజీ అసలు ముఖం అదేనని మూడు తరాలు నమ్మాయి. పింగళి నాగేంద్రరావు మాటలు, పెండ్యాల సంగీతం, రాయలుగా ఎన్టీ రామారావు. జాతీయ పురస్కారం కూడా వచ్చింది. ఆ కథలో తిమ్మరుసు శత్రువుల కుట్రకు బలైన నిర్దోషి. కళ్లు పోగొట్టుకున్నాక గానీ రాయలకు నిజం తెలియదు.

ఈ కథకు మూలం ఎక్కడుందో చూస్తే, అది ఒక పోర్చుగీసు గుర్రాల వర్తకుడి రాతలో ఉంది. 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్న ఫెర్నావో నూనిజ్ రాసిపెట్టాడు. అన్న వీరనరసింహరాయలు చనిపోతూ తమ్ముడి కళ్లు తీయించమన్నాడట. తిమ్మరుసు మేక కళ్లు చూపించి కృష్ణరాయలను కాపాడాడట. 1509లో ఆయనను గద్దె ఎక్కించిందీ తిమ్మరుసే. ఆ తర్వాత పదిహేనేళ్లు ఆయన మాటే మాట. 1520 ప్రాంతంలో వచ్చిన డొమింగో పేస్, ఈ ముసలి మంత్రి ముందు పెద్ద పెద్ద దొరలు కూడా రాజు ముందు నిలబడ్డట్టే నిలబడతారని రాశాడు. రాయలు తన ఆరేళ్ల కొడుకు తిరుమలరాయలకు పట్టం కట్టాక ఆ పిల్లవాడు చనిపోయాడు. విషం పెట్టింది తిమ్మరుసు కొడుకని రాయలు నమ్మాడు. నిండు కొలువులో నిందించి, తండ్రీ కొడుకులను బంధించి, తర్వాత కళ్లు తీయించాడు. బ్రాహ్మణుణ్ని చంపకూడదు కాబట్టి ప్రాణం మిగిల్చారంటాడు నూనిజ్. తిమ్మరుసు చెరలోనే మిగిలిపోయాడు.

మేక కళ్లతో మొదలై మనిషి కళ్లతో ముగిసిన ఈ కథ ఏ రచయితనైనా నిద్రపోనివ్వదు. మన నాటకాలూ సినిమా దీన్ని తీసుకుని ఇద్దరినీ కడిగి శుభ్రం చేశాయి. రాజు మోసపోయిన మంచివాడు. మంత్రి మాట దక్కని మంచివాడు. అలా రాసినవాళ్లను నేను తప్పు పట్టను. తండ్రీకొడుకుల్లాంటి ఆ ఇద్దరి మధ్య పుట్టిన అనుమానాన్ని ఉన్నదున్నట్టు చూడటం చాలా కష్టం. అయితే ఆ కష్టంలోనే అసలు నవల దాగి ఉంది. విచారణ జరగలేదు. సాక్ష్యం అడిగినవాడు లేడు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి, రాజు కూడా అయితే ఏం జరుగుతుందో నూనిజ్ నాలుగు పేరాల్లో చెప్పేశాడు. మనకు అక్కడ ఇంకా నాలుగు వందల పేజీల పని ఉంది.

వేదం వేంకటరాయశాస్త్రి 1897లో 'ప్రతాపరుద్రీయం' నాటకంలో యుగంధరుణ్ని సృష్టించాడు. ఢిల్లీకి చెరపట్టుకుపోయిన రాజును విడిపించడానికి పిచ్చివాడి వేషం కట్టే మంత్రి అతడు. తెలివి, స్వామిభక్తి, చివరికి గెలుపు. ఆ నాటకం మన ఊళ్లలో తెల్లవార్లూ ఆడిందంటే జనం మంత్రిలో ఏం చూడాలనుకున్నారో తెలుస్తుంది. ఇంకా వెనక్కి పోతే రాజమండ్రిలో రాజరాజనరేంద్రుడి కొలువు, నన్నయకు భారత రచనలో తోడు నిలిచిన నారాయణభట్టు, ఆయనకు దక్కిన నందంపూడి అగ్రహారం. నోరి నరసింహశాస్త్రి ఆయన పేరు మీదే నవల రాశాడు.

గోల్కొండ మాదన్నను మాత్రం మనం సరిగ్గా చూడలేదు. చిన్న ఉద్యోగంతో మొదలై, 1674 నుంచి తానీషా రాజ్యం మొత్తం నడిపిన మనిషి. గోదావరి సీమలో వత్సవాయ వారు కప్పం కట్టింది ఆ గోల్కొండకే. 1686లో అన్న అక్కన్నతో పాటు గోల్కొండ వీధిలో హత్యకు గురయ్యాడు. వెనక అంతఃపురం కోపం, ముందు ఔరంగజేబు సైన్యం. తల నరికి మొగలుల శిబిరానికి పంపించారు. మరుసటి ఏడాదే, 1687లో, గోల్కొండ కూడా కూలింది. మన కథల్లో మాదన్న భద్రాచలం రామదాసుకు మేనమామగా వచ్చి వెళ్లిపోతాడు. అంతే.

వీళ్లందరి కథలనూ కలిపే దారం ఒకటుంది. పైకి తెచ్చినవాడూ కిందికి తోసినవాడూ ఒకే కొలువులో ఉన్నారు. కొలువు తలుపుల లోపలే అంతా జరిగింది. 1758లో ఆ తలుపులు తెరుచుకున్నాయి.

ఒక్క రోజులో ఇద్దరు దివానులు

చందుర్తికి ఏడు నెలల ముందు, 1758 మే నెలలో, ఔరంగాబాదులో ఒక రోజు గడిచింది. ఫ్రెంచి సేనాని బుస్సీకి కుడిభుజంగా ఉన్న దివాను హైదర్ జంగ్‌ను, నిజాం తమ్ముడు నిజాం అలీ తన డేరాకు పిలిపించి గొంతు కోయించాడు. ఈ హైదర్ జంగ్ మచిలీపట్నం తీరం నుంచి ఎదిగినవాడే. బొబ్బిలి కథల్లో బుస్సీని ఎగదోసే దివానుగా మనకు తెలిసినవాడు. ఆ వార్త పొక్కగానే పుట్టిన గొడవలో, నిర్బంధంలో ఉన్న నిజాం దివాను షానవాజ్ ఖాన్‌ను ఫ్రెంచివారి పక్షం వాళ్లు చంపేశారు. మొగలు కొలువులోని ప్రముఖుల జీవితాలన్నీ 'మఆసిరుల్ ఉమరా' పేరుతో గుదిగుచ్చిన పండితుడు ఈయనే. ఎందరో ఎదగడమూ పడటమూ తన చేతులతో రాసినవాడు ఆ రోజు చనిపోయాడు. ఆయన ఇల్లు దోచుకున్నవాళ్ల చేతుల్లో ఆ రాతప్రతి చెల్లాచెదరైంది. స్నేహితుడు ఆజాద్ బిల్‌గ్రామీ వెతికి వెతికి దొరికినంత మేర సమకూర్చాడు.

ఇద్దరు దివానుల చావుతో హైదరాబాదు రాజకీయం తిరగబడింది. సరిగ్గా ఆ వేసవిలోనే పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి సర్వాధికారి లాలీ కబురు పెడితే బుస్సీ దక్షిణానికి వెళ్లిపోయాడు. ఉత్తర సర్కారులు కాన్‌ఫ్లాన్స్ చేతికొచ్చాయి. ఆనంద గజపతి అదను చూసుకుని విశాఖపట్నాన్ని ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి లాక్కుని ఇంగ్లీషువాళ్లకు కబురంపాడు. ఆయన పగకు కారణం ఏడాది కిందటిది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట నేలమట్టమైంది. మూడు రాత్రుల తర్వాత తాండ్ర పాపారాయుడు డేరాలోకి దూరి విజయనగరం రాజు పెద విజయరామరాజును పొడిచి చంపాడు. వారసుడిగా వచ్చిన ఆనంద గజపతికి బుస్సీ మీద నమ్మకం పోయింది.

బొబ్బిలి మీద బుర్రకథలున్నాయి. నాటకాలున్నాయి. 1964లో ఒక సినిమా, 1986లో ఇంకో సినిమా వచ్చాయి. పాపారాయుడి కత్తి దగ్గర కథ ఆగిపోతుంది. ఆ కత్తి వేటుకు ఖాళీ అయిన గద్దె చుట్టూ తర్వాత ముప్పై ఆరేళ్లు ఏం జరిగిందన్నదే నన్ను వదలని ప్రశ్న.

ఫోర్డ్‌తో ఆనంద గజపతి రాసుకున్న ఒప్పందం చూస్తే ముందేం రాబోతోందో అర్థమవుతుంది. సైన్యం ఖర్చుల కింద రాజు నెలకు 50,000 రూపాయలు ఇవ్వాలి. లోపలి ప్రాంతాలు రాజుకు, రేవులు కంపెనీకి. చందుర్తి గెలిచాక డబ్బు అందక ఫోర్డ్ వారాల తరబడి కదల్లేదు. మచిలీపట్నం దాకా ఆ పేచీ సాగుతూనే ఉంది. 1760లో ఆనంద గజపతి రాజమండ్రిలో మశూచితో చనిపోయాడు. గోదావరి ఒడ్డున పోయిన ఆ రాజుతో పూసపాటి వంశం మళ్లీ వారసుడి కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇద్దరు అన్నదమ్ములు

పెద విజయరామరాజు భార్య దగ్గరి బంధువుల ఇంటి నుంచి పన్నెండేళ్ల కుర్రవాణ్ని దత్తత తీసుకుంది. అతనికి చనిపోయిన రాజు పేరే పెట్టారు. చిన విజయరామరాజు అలా గద్దె ఎక్కాడు. ఆ కుర్రవాడికి సవతి అన్న ఒకడున్నాడు. వయసులో పెద్ద, తెలివిలో దిట్ట, పని మీద పట్టున్నవాడు. గద్దె తమ్ముడికి దక్కింది. రాజ్యం నడిపే బాధ్యత అన్నకు దక్కింది. ఆ అన్న పేరు సీతారామరాజు.

ఈ మొదటి అడుగులోనే నవల మొదలవుతుంది. పన్నెండేళ్ల తమ్ముడి ముందు రోజూ దండం పెట్టి నిలబడే అన్న లోపల ఏమనుకుని ఉంటాడు? కాలం గడిచి పాతికేళ్లవాడైన తమ్ముడు, తన పేరు మీద అన్న వేసే ముద్రలు చూసి ఏమనుకుని ఉంటాడు?

సీతారామరాజు చేతగానివాడైతే కథ ఇంత లోతుగా ఉండేది కాదు. 1761లో పర్లాకిమిడి నారాయణదేవు మీదికి వెళ్లి గెలిచాడు. జయపురం మొదలు మన్యపు దొరలూ చుట్టుపక్కల జమీందార్లూ విజయనగరం మాట వినాల్సి వచ్చింది. ఆ గాలి గోదావరి జిల్లా దాకా వీచింది. 1765 ఆగస్టు 12న మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766 నవంబరులో నిజాముతో సంధి. వీటితో ఉత్తర సర్కారులు కంపెనీ సొంతమయ్యాయి. ఇంత తిరుగుడులోనూ విజయనగరం బలం తగ్గకుండా కాపాడింది సీతారామరాజు పనితనం. కంపెనీ దొరలతో లెక్కలు, కిస్తీల వాయిదాలు, సైన్యం జీతాలు, కొండదొరల తగాదాలు అన్నీ ఆయన చేతి మీదుగానే నడిచాయి.

ఆయన చేతి కింద నలిగినవాళ్లూ ఉన్నారు. పొరుగు జమీందార్లను అణగదొక్కాడు. తమ్ముణ్ని పేరుకు రాజుగా మిగిల్చాడు. చివరికి రాజు తన బంధువు జగన్నాథరాజును దివానుగా పెట్టుకుని అన్నను పక్కకు నెట్టాడు. అప్పటిదాకా మనకు తెలిసిన కొలువు కథే. తర్వాతిది కొత్తది.

1778లో సర్ థామస్ రంబోల్డ్ మద్రాసు గవర్నరుగా వచ్చాడు. సర్కారులకు వచ్చి స్థితిగతులు చూస్తున్న సర్క్యూట్ కమిటీని ఆపేశాడు. జమీందార్లంతా మద్రాసు వచ్చి తన దగ్గరే ఒప్పందాలు చేసుకోవాలని తాఖీదు పంపాడు. పెద్దాపురం నుంచి మద్రాసు 600 కిలోమీటర్లకు పైమాటే. గోదావరి, కృష్ణ, గుండ్లకమ్మ, పెన్న దాటాలి. పల్లకీలు, బోయీలు, కావలివాళ్లు, అక్కడ బస, దుబాసీల మామూళ్లు. అప్పుల్లో ఉన్న సంస్థానాలు అంత ఖర్చు భరించలేమని మొరపెట్టుకున్నాయి. ఊళ్లో జరగాల్సిన జమాబందీ సముద్రం ఒడ్డున గవర్నరు గదిలో జరగడం అప్పుడే మొదలైంది.

సీతారామరాజు మద్రాసు వెళ్లాడు. రంబోల్డ్ ఆంతరంగిక కార్యదర్శి రెడ్‌హెడ్. తనకు చేసిపెట్టే పనులకు ప్రతిఫలంగా లక్ష రూపాయలు ఇస్తానని సీతారామరాజు అతనికి ఒప్పుకున్నట్టు తర్వాత బయటపడింది. జగన్నాథరాజును తీసేశారు. రాజు వద్దని మొత్తుకుంటున్నా సీతారామరాజును దివానుగా నిలబెట్టారు. రాజుకు దివాను వద్దు, గవర్నరుకు కావాలి. గవర్నరు మాటే నెగ్గింది.

నవలాకారుడు ఎవరైనా ఈ చోట ఆగాలి. కాగితాల్లో లేని రాత్రి ఒకటి ఇక్కడ ఉంది. అన్నదమ్ములిద్దరినీ మద్రాసులో రాజీపరిచిన రాత్రి. నేను ఊహించుకున్నది ఇది. ఊహగానే చదవండి.

తమ్ముడు కిటికీ దగ్గర నిలబడ్డాడు. అన్న లోపలికి వచ్చి, అలవాటు ప్రకారం తల వంచి, గడప దగ్గరే ఆగాడు.

"రండి అన్నగారూ. ఇవాళ తమరు గడప దగ్గర ఆగితే గవర్నరుగారికి కోపం వస్తుందేమో."

"ఆ మాట తమ నోట వినాలనే ఇంత దూరం వచ్చానా, ప్రభూ?"

"ప్రభువునా? పొద్దుట తెల్లదొర కాగితం చదువుతుంటే నా పేరు ఎక్కడుందో వెతుక్కున్నాను. చివర సంతకం పెట్టాల్సిన చోట ఉంది."

"ఈ పదిహేడేళ్లూ ఆ పేరు నిలబడ్డది ఎవరి చెమటతో, తమరే చెప్పండి."

"తమ చెమటే. కాదనను. కానీ అన్నగారూ, మన ఇంటి పంచాయతీ మన ఇంట్లో ఓడిపోయి ఉంటే బాగుండేది. ఇక్కడ గెలిచి తమరు ఏం తీసుకుపోతున్నారు?"

సీతారామరాజు దగ్గర ఈ ప్రశ్నకు జవాబు ఉండకపోతే ఆయన చిన్న పాత్ర అయిపోతాడు. జవాబు ఉండాలి. ఇంగ్లీషువాళ్లు ఎలాగూ వచ్చేశారు, వాళ్ల గుమ్మంలో మన మనిషి ఒకడు నిలబడకపోతే సంస్థానమే మిగలదన్నది ఆయన నమ్మకమై ఉండొచ్చు. ఆ నమ్మకంలో స్వార్థం ఎంత, దూరదృష్టి ఎంత అన్నది తేల్చకుండా నడపగలిగినవాడే ఈ నవల రాయగలడు.

లండన్‌లో తగాదా, విజయనగరంలో లెక్క

రంబోల్డ్ 1780లో ఇంటికి వెళ్లిపోయాడు. 1781లో కంపెనీ డైరెక్టర్లు అతణ్ని కొలువు నుంచి తొలగించారు. కామన్స్ సభ రహస్య కమిటీ వేసింది. విజయనగరం వ్యవహారం, సీతారామరాజు పేరు, లక్ష రూపాయల సంగతి బ్రిటిష్ పార్లమెంటు నివేదికల్లోకి ఎక్కాయి. హెన్రీ డండస్ 1782లో రంబోల్డ్‌ను శిక్షించాలని బిల్లు తెచ్చాడు. మరుసటి ఏడాది అది ఆగిపోయింది. గవర్నరుకు శిక్ష పడలేదు. ఆనాటి మన దివాను వ్యవహారం లండన్‌లో చర్చకు వచ్చినప్పుడు, ఇక్కడ పెద్దాపురంలోనో సామర్లకోటలోనో ఎవరికైనా తెలిసిందా? కిస్తీలకు వాయిదా లేకుండా పోయిందన్నది మాత్రం రైతుకు తెలిసే ఉంటుంది.

1784లో సర్క్యూట్ కమిటీ విజయనగరాన్ని లెక్క గట్టింది. పన్నెండు వేలకు పైగా సైన్యం ఉందని, ఇది కంపెనీకి ప్రమాదమని రాసింది. ఆ మాటతో దివాను తలరాత మళ్లీ మారింది. ఇన్నాళ్లూ సీతారామరాజును నిలబెట్టిన బలమే ఆయన మీద నేరమైంది. ఆ తర్వాత పదవి పోవడం, మళ్లీ చేతికి రావడం జరిగాయి. గవర్నర్లు మారారు, కమిటీలు మారాయి, విధానాలు మారాయి. ప్రతిసారీ విజయనగరం దివాను ఎవరన్నది మద్రాసులో తేలింది.

1793లో ఆఖరి ఉత్తర్వు వచ్చింది. సీతారామరాజు విజయనగరం వదిలి మద్రాసులో ఉండాలి. నెలకు 5,000 రూపాయల పింఛను. రాజుకు ఇంకో ఉత్తర్వు. బకాయిల కింద జమీందారీ స్వాధీనం, మచిలీపట్నం వెళ్లి నెలకు 1,200 రూపాయలతో బతకాలి.

చిన విజయరామరాజు మచిలీపట్నం వెళ్లలేదు. తనను నమ్ముకున్నవాళ్లతో విజయనగరానికీ భీమునిపట్నానికీ నడుమ ఉన్న పద్మనాభం చేరాడు. 1794 జూలై 10 తెల్లవారుజామున కర్నల్ ప్రెండర్‌గాస్ట్ దళం దాడి చేసింది. గంటలోపే అంతా ముగిసింది. రాజు చనిపోయాడు. ఆయన చుట్టూ రాజుల కుటుంబాల మగవాళ్లు ఒకరి మీద ఒకరు పడి చనిపోయారు. కొడుకు నారాయణ గజపతిని మన్యపు దొరలు కొండల్లోకి తీసుకుపోయి కాపాడారు. కొంతకాలానికి కంపెనీ దిగి వచ్చి, కత్తిరించిన జమీందారీని ఆ పిల్లవాడికి అప్పగించింది.

అన్న మద్రాసులో ఉన్నాడు. తమ్ముడు చనిపోయిన కబురు ఆయనకు ఏ నోట అందిందో, ఆ నెల పింఛను ఏ రోజున చేతికొచ్చిందో రాయాల్సింది నవలాకారుడే.

పద్మనాభాన్ని జనం గుర్తుపెట్టుకున్నారు. అది న్యాయం. చావుకు ఎదురెళ్లినవాడికి పాట దక్కాలి. బతికిపోయిన దివానుకు పాట దక్కదు. అందుకే ఆయనకు నవల కావాలంటున్నాను. పాటకు వీరుడు కావాలి. నవల మాత్రం తప్పూ ఒప్పూ కలిసిన మనిషిని కూడా మోయగలదు. తిమ్మరుసును నిర్దోషిని చేసి మనం ప్రేమించాం. సీతారామరాజును ఆ దారిన ప్రేమించలేం. అలా వదిలేశాం గనక, కంపెనీ మన కొలువుల్లోకి ఎలా దూరిందన్న కథలో లోపలి మనిషి లేకుండా పోయాడు. తుపాకులు, ఓడలు, సంధులు అన్నీ చెప్పుకుంటాం. ఏ అన్నదమ్ముల తగవు వాళ్లను లోపలికి పిలిచిందో చెప్పుకోం.

పెద్దాపురం ఏం చేస్తోంది అప్పుడు?

పెద్దాపురానికి మోసం రుచి అంతకు ముందే తెలుసు. 1730ల్లో రాజమండ్రి ఫౌజుదారు రుస్తుంఖాన్ వత్సవాయ వారిని నమ్మించి చంపాడని, ఇంటి ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్నారని, మిగిలిన కుర్రవాణ్ని విజయనగరం వాళ్లు ఆదుకున్నారని స్థానిక చరిత్రలు చెబుతాయి. ఆ ఇంటి రాణి రాగమ్మ పేరు ఇక్కడి పెద్దల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆశ్రయమిచ్చిన విజయనగరమే తర్వాత పొరుగువాళ్ల మీద పెత్తనం చేసేంత బలపడింది. సంస్థానాల నడుమ అప్పులు డబ్బుతోనే తీరవు.

ఆ కల్లోలంలో పెద్దాపురం కొలువు ఇంకో పని చేసింది. ఏనుగు లక్ష్మణకవిని పోషించింది. ఆయన పూర్వుల అసలు ఇంటిపేరు వేరట. పెద్దాపురం ప్రభువుల నుంచి ఏనుగును బహుమతిగా పొందడంతో ఏనుగువారయ్యారని చెబుతారు. ఆయన భర్తృహరిని తెలుగు చేసిన 'సుభాషిత రత్నావళి' తర్వాత రెండు శతాబ్దాలు తెలుగు పిల్లల నోట నానింది. భర్తృహరి నీతిశతకం చదివినవాళ్లకు తెలుసు, రాజు కోపమూ ప్రేమా ఎంత నిలకడలేనివో, కొలువు చేయడం ఎంత కష్టమో అందులో ఎంత పదునుగా ఉంటుందో. చందుర్తి జరిగిన శతాబ్దంలోనే, విజయనగరంలో దివానులు లేస్తూ పడుతూ ఉన్న ఆ కాలంలోనే, ఈ సీమ కవి ఆ శ్లోకాలను తెలుగులోకి దించాడు. ఆ పద్యాలు రాస్తున్నప్పుడు ఆయన చుట్టూ ఏ కొలువు కబుర్లు తిరిగేవో! సీతారామరాజు నవలలో ఈ కవికి ఒక అధ్యాయం ఇవ్వాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. దివాను ఎదిగేటప్పుడు విన్న పద్యం, పడ్డాక ఇంకోలా వినపడుతుంది.

ఇప్పటి పెద్దాపురంలో వత్సవాయ వారి పేరు ఎక్కువగా వినిపించేది మహారాణి కళాశాలలో. బుచ్చి సీతాయమ్మ పేరు మీద నడిచే ఆ కాలేజీలో చరిత్ర, తెలుగు చదువుకున్న పిల్లలు వేలల్లో ఉంటారు. పాండవుల మెట్ట ఎక్కుతారు, ఆషాఢంలో మరిడమ్మ జాతరకు వస్తారు, చందుర్తి మీదుగా బస్సులో వెళ్తారు. ఈ కథ వాళ్ల చేతికి రావాలి.

సామగ్రి లేదని ఎవరూ అనలేరు. ఇంగ్లీషు చరిత్రకారుడు ఆర్మ్ రాసిన చందుర్తి యుద్ధ వర్ణన ఉంది. ఆనంద గజపతి సైన్యం ఆ పూటంతా పల్లపు నేలలో నక్కి ఉందని ఆయన రాసిన చోట కొంచెం జాగ్రత్తగా చదవాలి, తమవాళ్లను ఎత్తడానికి ఎదుటివాళ్లను దించే అలవాటు ఆ పుస్తకంలో కనిపిస్తుంది. కార్మైకేల్, ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గ్రంథాలున్నాయి. కామన్స్ కమిటీ నివేదికలున్నాయి. వత్సవాయ రాయజగపతివర్మ రాసిన పెద్దాపుర సంస్థాన చరిత్ర ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, జమీందార్లు మొరపెట్టుకున్న అర్జీలూ మద్రాసు కౌన్సిల్ నిర్ణయాలూ చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ప్రాచీన పత్ర భాండాగారంలో సంపుటాలు సంపుటాలుగా ఉన్నాయి. ఇంగ్లీషు చదవగలిగి, ఆ ఇంగ్లీషు కింద తెలుగులో మాట్లాడిన మనుషుల గొంతు పట్టుకోగలిగినవాళ్లు కావాలి. 'సిత్తెరాం రాజ్' అని వంకర అక్షరాల్లో ఉన్న పేరు చదివి, పూసపాటి సీతారామరాజు అని గుర్తుపట్టగలిగినవాళ్లు కావాలి.

సీతారామరాజు నది నదికీ ఆగుతూ వెళ్లిన ఆ దారిన ఇప్పుడు రైలుంది. కాకినాడలో బయల్దేరి, సామర్లకోటలో ఆగి, గోదావరీ కృష్ణా పెన్నా దాటి ఎగ్మూరు చేరుస్తుంది. ఉత్తర సర్కారుల పేరే దానికి పెట్టారు, సర్కార్ ఎక్స్‌ప్రెస్ అని. ఎగ్మూరు స్టేషన్ దిగితే భాండాగారం నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. పెద్దాపురం పిల్లలెవరైనా ఆ కాగితాల కోసం వెళ్తానంటే, ముందు 1778 సంపుటాలు అడగమంటాను.